గుణింతాలు రాని కీబోర్డు

కూర్మన్నపాలెం జంక్షన్ దాటి స్టీల్ ప్లాంటు వైపు వెళ్తుంటే, ఒక టిఫిన్ సెంటరుకీ మందుల షాపుకీ మధ్య ఇరుక్కున్నట్టు ఒక చిన్న గది కనిపిస్తుంది. పైన బోర్డు మీద రోజా గ్రాఫిక్స్ అని ఉంటుంది. శుభలేఖలు, దినకార్యం కార్డులు, గుడి కరపత్రాలు, కార్మిక సంఘాల నోటీసులు, తెలుగులో ఏది అచ్చు వేయించుకోవాలన్నా ఆ చుట్టుపక్కలవాళ్ళు అక్కడికే వస్తారు. లోపల కూర్చుని టైపు చేసే రోజారమణి ఒంటి చేత్తో టైపు చేస్తుందన్న సంగతి కొత్తవాళ్ళు వెంటనే గమనించరు. అంత వేగంగా కదులుతుంది ఆ కుడిచెయ్యి.

ఆ గురువారం పొద్దున్న ఆమె షాపు తెరిచేసరికే గుమ్మం ముందు వరహాలు కూర్చుని ఉన్నాడు. సబ్బవరం పక్కన ఆమె పుట్టిన ఊరివాడు. ఊళ్ళో మరిడిమాంబ తల్లి పండగ కమిటీకి పెద్ద. కరపత్రం వేయించడానికి వచ్చాడు.

"బేగి కొట్టీ అప్పా. శనివారానికి చేతిలో ఉండాలి. ఆదివారం ఊరూరా పంచాలి," అన్నాడు. వాళ్ళ ఊళ్ళో అక్కని అప్పా అంటారు.

"కూకో. టీ తాగేలోగా అయిపోద్ది," అంది రోజారమణి.

కంప్యూటర్ ఆన్ చేసింది. ముందు రోజు సాయంత్రమే ఆమె అన్న కూతురు జ్యోతిర్మయి వచ్చి కొత్త మానిటర్ పెట్టి, పాతదాన్ని కస్టమర్లు చూసుకునేలా అటు తిప్పి వెళ్ళింది. మద్దిలపాలెంలో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఉద్యోగం ఆ పిల్లది. అత్త స్క్రీనుకి ముక్కు ఆనించి చూడటం చూసి చూసి, పెద్దది, బాగా స్పష్టంగా కనిపించేది కొని తెచ్చింది. దానితోపాటు, "కంప్యూటర్ని నడిపే ఈ లినక్స్ పాతదైపోయిందత్తా, బొమ్మ చూపించే సిస్టమే మారిపోయిందిప్పుడు" అని లోపల కూడా ఏదో అప్‌గ్రేడ్ చేసింది. ఇప్పుడు వెలిగిన స్క్రీను చూస్తే రోజారమణికి కడుపు నిండినట్టయింది. అక్షరాలు కొత్తగా చెక్కిపెట్టినట్టున్నాయి. సున్నాకీ దీర్ఘానికీ మధ్య సందు కూడా కనిపిస్తోంది.

కుర్చీ ముందుకు లాక్కుని, "తల్లి పండగ" అని కొట్టింది.

స్క్రీను మీద "తల కల ర ప .డగ" అని పడింది.

చెరిపేసి మళ్ళీ కొట్టింది. మళ్ళీ "తల కల ర ప .డగ."

వరహాలు తన వైపు తిప్పి ఉన్న పాత మానిటర్లో చూస్తున్నాడు. "ఏటప్పా, తలకలర అంటే? ఏ భాషిది?" అన్నాడు.

రోజారమణి వేళ్ళ వైపు చూసుకుంది. ఆమె తన వేళ్ళని చూసుకుని ఎన్నేళ్ళయిందో. మూడోసారి నెమ్మదిగా, ఒక్కో మీట చూసి నొక్కింది. హల్లులు వస్తున్నాయి. గుడులు లేవు, కొమ్ములు లేవు, సున్నా లేదు. ఒత్తు రావలసిన చోట క వస్తోంది. గుడి రావలసిన చోట ర వస్తోంది.

ముందుగా ఆమెకు వచ్చిన ఆలోచన కంప్యూటర్ గురించి కాదు. వాళ్ళ మేనత్త గంగాలమ్మకి పక్షవాతం వచ్చినప్పుడు మొదట మాటే తడబడింది. నీళ్ళు అడగబోయి నిప్పులు అడిగింది. ఇంట్లోవాళ్ళు నవ్వారు కూడా. మధ్యాహ్నానికి మంచాన పడింది. ఆ సంగతి గుర్తొచ్చి రోజారమణి వేళ్ళు ముడిచి, విప్పి చూసుకుంది. తను ఒకటనుకుంటే వేళ్ళు ఇంకోటి కొడుతున్నాయా?

"ఒక్క నిమిషం," అని లేచి పక్క మందుల షాపుకి వెళ్ళి బీపీ చూపించుకుంది.

"బానే ఉందమ్మా, నా కంటే బాగుంది," అన్నాడు షాపతను.

ఆ మాట విని ధైర్యం రావలసింది. రాలేదు. ఒంట్లో ఏమీ లేకపోతే తప్పు మరి ఎక్కడుంది?

ఇక్కడ ఆమె చెయ్యి సంగతి చెప్పాలి. తొమ్మిదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు, బెల్లం రోజుల్లో, తండ్రితో పాటు చెరకు గానుగ దగ్గర కూర్చుని మిషన్ నోటికి గడలు అందించేది. ఒకరోజు గడతో పాటు ఎడమచెయ్యి కూడా వెళ్ళింది. అరచెయ్యి సగం మిగిలింది. బొటనవేలి మొదలు మిగిలింది. అంతే. ఊళ్ళో అయ్యో అన్నవాళ్ళు అన్నారు, ఈ పిల్ల ఇక దేనికి పనికొస్తుంది అన్నవాళ్ళు అన్నారు. ఆమె మాత్రం పది చదివి, గాజువాకలో టైపు ఇన్‌స్టిట్యూట్‌కి పోయింది. అక్కడి మాస్టారు ఆమె చెయ్యి చూసి, "టైపుకి రెండు చేతులుండాలి కదమ్మా" అన్నాడు. "ఒకటి నేర్పండి చాలు," అంది. నేర్చుకుంది, వేగం మాత్రం రాలేదు. కంప్యూటర్లు వచ్చాక కూర్మన్నపాలెంలో ఈ గది తీసుకుంది. ఒక్క చెయ్యే కీబోర్డు ఈ చివర నుంచి ఆ చివరకు పరిగెత్తేది. సాయంత్రానికి మణికట్టు వాచిపోయేది.

అలాంటి రోజుల్లో చలమయ్య గారు ఒక జెరాక్సు కోసం లోపలికి వచ్చారు. గోదావరి జిల్లా మనిషి. పోర్టులో కంప్యూటర్ సెక్షన్లో పని. ఆ వీధిలోనే అద్దెకు ఉండేవారు. జెరాక్సు తీసుకుని వెళ్ళకుండా ఆమె చేతినే చూస్తూ నిలబడిపోయారు. మర్నాడు ఆదివారం ఒక సీడీతో వచ్చి ఆమె కంప్యూటర్లో లినక్స్ వేశారు. ఇంకో రెండు ఆదివారాలు కూర్చుని దాని లోపల ఏదో రాశారు.

"ఇదిగో అమ్మాయ్, నీ ఎడమచెయ్యి ఇందులో పెట్టాను," అన్నారు. "కుడి బొటనవేలితో కిందున్న పొడుగాటి స్పేస్ బార్ నొక్కి పట్టుకో. ఇప్పుడు కుడిపక్క మీట నొక్కితే దానికి ఎదురుగా ఎడమపక్కనున్న మీట పలుకుద్ది. అద్దంలో చూసినట్టన్న మాట. వదిలేస్తే మళ్ళీ మామూలే."

ఆమె వాడే తెలుగు కీబోర్డులో గుణింతపు గుర్తులు దాదాపు అన్నీ ఎడమపక్కన ఉంటాయి, హల్లుల్లో ఎక్కువ భాగం కుడిపక్కన. అంటే ప్రతి అక్షరానికీ రెండు చేతులూ కావాలి. ఆ అద్దం వచ్చాక ఆమె కుడిచెయ్యి తన సగం దాటి పోనవసరం లేకపోయింది. మొదట్లో నెలరోజులు తికమకపడింది. తరవాత ఎప్పుడో, ఏ రోజో చెప్పలేం, ఆ సంగతే మర్చిపోయింది. స్పేస్ నొక్కుతున్నానన్న స్పృహ కూడా పోయింది. అనుకుంటే అక్షరం వచ్చేది. చలమయ్య గారు రిటైరై వాళ్ళ ఊరు వెళ్ళిపోయారు. కంప్యూటర్లు మారినప్పుడల్లా వచ్చి పాతదంతా కొత్తదాంట్లోకి ఎక్కించి వెళ్ళేవారు. ఆమె మనసులో అది చలమయ్య గారు పెట్టింది కాదు, కంప్యూటర్లోది కాదు. తన చెయ్యి.

అది గుర్తొచ్చాకే జ్యోతిర్మయికి ఫోన్ చేసింది.

"జ్యోతీ, నా అద్దం ఏటి సేసినావే?"

"అద్దమా? మానిటర్ పగిలిపోయిందా అత్తా?" జ్యోతిర్మయి గొంతులో కంగారు.

"అది కాదే. అది బానే ఉంది. బ్రహ్మాండంగా ఉంది. అద్దం పోయింది."

"గోడకి ఉండేదా? నాను ముట్టుకోలేదత్తా."

"కీబోర్డులో అద్దమే!"

"అత్తా, నాను మీటింగులో ఉన్నాను. ఒకసారి ఆపేసి ఆన్ చెయ్యి. సాయంత్రం వస్తాను," అని పెట్టేసింది.

ఆపేసి ఆన్ చేసింది. కీబోర్డు మార్చి చూసింది. పాత కీబోర్డు తీసి దులిపి పెట్టింది. అదీ అంతే. విచిత్రమేమిటంటే ఆమె ఎప్పుడూ వాడని ఒక పాత ప్రోగ్రాం తెరిస్తే అందులో నాలుగు గుణింతాలు సరిగ్గా పడ్డాయి. "అదిగో వచ్చీసింది!" అన్నాడు వరహాలు. ఐదోది పడలేదు. తరవాత అందులోనూ మానేసింది. ఉంటే ఉండాలి, పోతే పోవాలి. ఒకచోట ఉండి ఇంకోచోట లేకుండా, ఉన్నచోట కూడా కాసేపుండి పోవడం ఏమిటో ఆమె బుర్రకి అందలేదు.

పాత రోజుల్లోలాగా చేత్తో పరిగెత్తించి కొడదామని చూసింది. వేళ్ళు ఒప్పుకోలేదు. బొటనవేలు తనంతట తానే స్పేస్ మీదికి పోతోంది. మాటల మధ్య ఖాళీలు పడుతున్నాయి.

"పోనీ అప్పా, నానొక ఏలుతో కొట్టనా? నువ్వు సెప్పు," అన్నాడు వరహాలు. అతను కొట్టిన మొదటి మాట చూసి ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ నవ్వు ఆగిన తరవాత రోజారమణి కళ్ళు తుడుచుకుంది. అది నవ్వు వల్ల వచ్చిన నీరే అనుకున్నాడు అతను.

సాయంత్రం జ్యోతిర్మయి వచ్చింది. బ్యాగు కూడా దింపకుండా, "ఏదీ, చూపించు," అంది. రోజారమణి కొట్టి చూపించింది.

"నువ్వు స్పేస్ ఎందుకు నొక్కుతున్నావత్తా?"

"అద్దం రావాలి కదా!"

మొదటి నుంచి చెప్పవలసి వచ్చింది. విన్నాక జ్యోతిర్మయి కుర్చీలో కూలబడింది. చిన్నప్పటి నుంచి ఆ షాపులో ఆ కుర్చీ పక్కనే కూర్చుని హోంవర్కు చేసుకున్న పిల్ల. "నీ చెయ్యే అంత స్పీడనుకున్నాను," అంది. "అందరికీ అలాగే చెప్పేదాన్ని. మా అత్త ఒక్క చేత్తో కీబోర్డంతా కొట్టేస్తదని."

"కొట్టలేదేటి మరి?" రోజారమణికి ఎక్కడో తగిలింది. "ఆ స్పీడు నాది కాదేటి?"

"అది కాదత్తా..." అంటూ జ్యోతిర్మయి కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

ఇద్దరూ కలిసి చలమయ్య గారికి ఫోన్ చేశారు. స్పీకర్లో పెట్టారు. ఆయన గొంతు సన్నబడింది, మాట మధ్యలో దగ్గు వస్తోంది.

"కంగారుపడకు రోజమ్మా. నేనది ఎక్స్‌లో రాశాను. మీరు ఎక్స్ తీసేసుంటారు."

"ఎక్స్ ఏటండీ?"

"ఎక్సంటే ఎక్సేనమ్మా. బొమ్మ గీసేది."

జ్యోతిర్మయి అందుకుంది. "అవునండీ, ఇప్పుడు దాని బదులు వేలాండ్ వచ్చింది."

"వేలు లేనోళ్ళకి వేలాండేటి?" అంది రోజారమణి. ఎగతాళికి అన్న మాట కాదది. నిజంగానే అలా వినబడింది.

"పేరత్తా అది. ఇంగ్లీషు పేరు."

"సరే, ఏదో ఒకటి. అది బొమ్మ గీసేదైతే, బొమ్మ బానే ఉంది కదా. రాతతో దానికేటి పని? నాను కొట్టేది కీబోర్డు మీద కదా, టీవీ మీద కాదు కదా?"

అడగవలసిన ప్రశ్నే అది. దానికి ఫోన్లో ఒకరు, కుర్చీలో ఒకరు ఒకేసారి జవాబు చెప్పబోయి, ఒకరి మాట ఒకరికి వినబడక ఇద్దరూ ఆగారు. చివరికి జ్యోతిర్మయి చెప్పింది. "బొమ్మ గీసేదే కీబోర్డు మాట కూడా వింటదత్తా. నువ్వు మీట నొక్కితే ముందు దానికే తెలుస్తది. ఏ కిటికీలో రాస్తున్నావో చూసి అక్కడికి అదే పంపిస్తది. పాతది ఎవరు పడితే వాళ్ళు మధ్యలో దూరి మీటలు మార్చీడానికి ఒప్పుకునేది. అలా దొంగలు కూడా దూరొచ్చని, పాస్‌వర్డులు వినేస్తారని, కొత్తది ఎవర్నీ రానివ్వదు. పాత ప్రోగ్రాంల కోసం మాత్రం పాతది కాస్త మిగిల్చారు, నీకు పొద్దున్న నాలుగు గుణింతాలు పడింది అందుకే."

"అంటే చలమయ్య గారు దొంగా?"

ఫోన్లో ఆయన గట్టిగా నవ్వారు. నవ్వు దగ్గులోకి తిరిగింది. "దూరిన మాట నిజమేలే అమ్మాయ్," అన్నారు. "పాతది ఇంకా ఉండాలందులో. లోపలికి వెళ్ళేటప్పుడు నీ పేరు మీద నొక్కాక, పాస్‌వర్డ్ కొట్టే ముందు, కింద మూల పళ్ళచక్రం బొమ్మ ఉంటది. నొక్కి చూడు."

ఉంది. నొక్కితే రెండు పేర్లు వచ్చాయి. పాతది ఎంచుకుని లోపలికి వెళ్ళి "తల్లి పండగ" కొట్టింది. తల్లి పండగ అనే పడింది.

కానీ ఆ అక్షరాలు చీమల్లా ఉన్నాయి. కొత్త మానిటర్‌తో పాత సిస్టంకి పడటం లేదు. జ్యోతిర్మయి వాటిని పెద్దవి చేస్తే, కస్టమర్ వైపున్న పాత మానిటర్లో సగం మాటే పట్టింది. అక్కడ సరిచేస్తే ఇక్కడ మళ్ళీ చీమలు. కొత్తదాంట్లో అయితే ఏ మానిటర్ కొలత దానిదే, రెండూ హాయిగా ఉన్నాయి. అందులో అద్దం లేదు.

"అంటే కళ్ళు కావాలంటే సెయ్యి నేదు, సెయ్యి కావాలంటే కళ్ళు నేవు. అంతేనా?" అంది రోజారమణి.

జ్యోతిర్మయి తల వంచుకుంది. "ఈ పాతది కూడా కొన్నాళ్ళే ఉంటదత్తా. తరవాత అప్‌గ్రేడ్‌లో తీసేస్తారు."

"ఎవరు తీసేత్తారు? నాను ఒప్పుకోకపోతే?"

జ్యోతిర్మయి ఫోన్ తీసి దాని గురించి వెతకడం మొదలుపెట్టింది.

వరహాలు పని ఆగకూడదు కాబట్టి శుక్రవారం పాతదాంట్లోనే కూర్చుంది. కొత్త మానిటర్ ముందు, పాత అలవాటుగా ముక్కు ఆనించి, మొత్తం కరపత్రం కొట్టేసింది. చెయ్యి హుషారుగా సాగింది. ప్రూఫ్ తీసి వరహాలు చేతిలో పెట్టింది. అతను వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివి, ఒకచోట ఆగాడు.

"అమ్మవారి ఊరేగింవు అని ఉందప్పా. ఊరేగింపు కదా?"

ప కి బదులు వ. ఆమె దగ్గర అలాంటి తప్పు పోయిందంటే నమ్మేవాళ్ళు ఉండరు. కాగితం లాక్కుని దూరంగా పెట్టి చూసింది, దగ్గరగా పెట్టి చూసింది. వెతికితే ఇంకో రెండు దొరికాయి. ఒక చోట పసుపు వసుపు అయింది. సరిచేసి, మళ్ళీ తీసి, శనివారం పొద్దున్నే అచ్చుకు పంపింది. వరహాలు పొంగిపోయి వెళ్ళాడు. ఆమె మాత్రం ఆ రోజంతా ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. ఇంతకాలం ఇలాంటివి ఎన్ని పోయాయో, పాత మానిటర్లో తనకే కనిపించక ఎన్ని శుభలేఖలు అలా వెళ్ళిపోయాయో అన్న అనుమానం పట్టుకుంది. కొత్త స్క్రీను చూడకపోతే ఆ అనుమానమే వచ్చేది కాదు. అది మంచిదో చెడ్డదో తేల్చుకోలేకపోయింది.

ఆదివారం జ్యోతిర్మయి పొద్దున్నే వచ్చింది. ఆ పిల్ల ముఖంలో రెండు రోజులుగా ఏదో చదివిన అలసట ఉంది.

"అత్తా, బొమ్మ గీసేదాని కన్నా కింద, మీట నొక్కిన చోటే పట్టుకునే ప్రోగ్రాం ఒకటుంది. అక్కడ అద్దం పెడితే పైన ఏది ఉన్నా సంబంధం లేదు. పాతదైనా కొత్తదైనా."

"దొంగలు దూరరేటి మరి?"

"మన మిషన్‌కి మనమే పెద్దలమని పాస్‌వర్డ్ కొట్టి పెడతామత్తా. అప్పుడు ఒప్పుకుంటది."

ఈ మాట కూడా ఆమెకు సగమే అర్థమైంది. అయినా తల ఊపింది. జ్యోతిర్మయి అద్దం లెక్క ప్రకారం మీటలన్నీ ఎదురెదురుగా రాసి పెట్టింది. రోజారమణి కొట్టి చూసింది. చాలా మాటలు వచ్చాయి. కొన్ని రాలేదు. "ఔ" రాలేదు. కొన్ని చోట్ల దీర్ఘం బదులు ఇంకేదో పడింది.

"చలమయ్య గారు అన్నీ ఎదురెదురుగా పెట్టలేదు," అంది జ్యోతిర్మయి. "నీ వేళ్ళకి అందనివి దగ్గరికి జరిపినట్టున్నారు. ఔత్వం ఎక్కడ కొడతావు నువ్వు?"

రోజారమణి ఆలోచించింది. కళ్ళు మూసుకుంది. "తెలీదే."

"రోజూ కొడతావు కదా!"

"కొడతాను. ఎక్కడో తెలీదు."

చలమయ్య గారికి ఫోన్ చేస్తే ఆయన, "నువ్వు చిటికిన వేలు చాపలేకపోతున్నావని నాలుగైదు జరిపానమ్మా. ఏవేవో నాకిప్పుడు గుర్తులేదు," అన్నారు.

అప్పుడు జ్యోతిర్మయికి ఒక ఉపాయం తోచింది. కీబోర్డు వైరు పీకేసి, ఒట్టి కీబోర్డు ఆమె ముందు పెట్టింది. "స్క్రీను చూడకు. నాను మాట సెప్తాను, నువ్వు కొట్టు అంతే," అంది. అత్త దగ్గర కూర్చుంటే ఆ పిల్ల మాట కూడా ఊరి మాటైపోతుంది. "సౌభాగ్యవతి," అంది. రోజారమణి చెయ్యి కదిలింది. "మౌనం." "పౌర్ణమి." "శ్రీశ్రీశ్రీ మరిడిమాంబ." ఒక్కో మాటకీ జ్యోతిర్మయి వంగి ఏ వేలు ఎక్కడ పడిందో చూసింది. ఒకటికి రెండుసార్లు కొట్టించింది. రోజారమణి కూడా పక్కనుంచి తన చేతిని చూసింది, ఎవరిదో చెయ్యి చూస్తున్నట్టు. అది ఎక్కడా తడుముకోవడం లేదు. తను ఆగి ఆలోచిస్తే మాత్రం ఆగిపోతోంది.

"ఆలోచించకత్తా. ఆలోచిస్తే పాడైపోతంది."

"ఎలా ఆలోచించకుండా ఉంటానే, నువ్వు అలా ముఖం పెట్టి సూత్తంటే?"

మధ్యాహ్నం దాటేసరికి జరిపిన మీటలన్నీ దొరికాయి. వైరు పెట్టారు. కొత్త స్క్రీను మీద, కొత్తగా చెక్కినట్టున్న అక్షరాల్లో, "తల్లి పండగ" పడింది. "సౌభాగ్యవతి" పడింది. జ్యోతిర్మయి చప్పట్లు కొట్టింది. రోజారమణి నవ్వలేదు. ఇంకా కొట్టి చూస్తోంది.

ఒక చిక్కు మిగిలింది. వేగంగా కొట్టినప్పుడు అప్పుడప్పుడు రెండు మాటలు అతుక్కుపోతున్నాయి. స్పేస్ కోసం నొక్కిందా, అద్దం కోసం పట్టుకుందా అన్నది ఆ కొత్త ప్రోగ్రాంకి కొన్నిసార్లు తేలడం లేదు. ఎంతసేపు పట్టుకుంటే అద్దం, ఎంతలో వదిలితే స్పేస్ అన్న లెక్కని జ్యోతిర్మయి అటూ ఇటూ జరిపి చూసింది. ఒకవైపు జరిపితే మాటలు అతుక్కుంటున్నాయి. ఇంకోవైపు జరిపితే గుణింతాలు ఊడిపోతున్నాయి. మధ్యలో ఎక్కడో ఆపింది.

"నువ్వు కొంచెం నెమ్మదిగా కొట్టాలత్తా. లేకపోతే నానింకా సరిగ్గా పెట్టాలి. ఏదో నాకూ తెలీట్లేదు."

"పోన్లే. ఇన్నాళ్ళూ అది నా మాట ఇంది. కొన్నాళ్ళు నాను దాని మాట ఇంటాను," అంది రోజారమణి. కానీ ఆ మాట అంటున్నప్పుడు కూడా, వింటున్నది ఎవరో, చెబుతున్నది ఎవరో ఆమెకు స్పష్టంగా లేదు.

తరవాతి వారాల్లో పని నెమ్మదించింది. పాత కస్టమర్లు గమనించారు. "ఏటమ్మా, ఒంట్లో బాలేదా?" అని అడిగినవాళ్ళు ఉన్నారు. ఒంట్లో బానే ఉంది, మిషన్ మారింది అంటే, మిషన్ కొత్తదైతే ఇంకా వేగం పెరగాలి కదా అన్నారు. దానికి నవ్వి, తరవాతి కాగితం అందుకునేది. కానీ ప్రూఫుల్లో తప్పులు తగ్గాయి. అతుక్కున్న మాటలు స్క్రీను మీదే కనబడేవి, అక్కడే విడదీసేది. వ, ప ల దగ్గర ఇప్పుడు కళ్ళు చికిలించనవసరం లేదు. ఆదివారాల్లో జ్యోతిర్మయి వస్తే, "ఆ కిందదాని గురించి మళ్ళీ సెప్పు" అని అడిగేది. ప్రతిసారీ కొంచెం అర్థమైనట్టుండేది. సోమవారానికి జారిపోయేది. అయినా మళ్ళీ అడిగేది. ఇదివరకు ఆమె ఎప్పుడూ అడిగిన మనిషి కాదు.

ఒక మధ్యాహ్నం చలమయ్య గారే ఫోన్ చేశారు.

"ఏమ్మా, ఎలా ఉంది చెయ్యి?"

"బానే ఉందండీ. మా జ్యోతి మళ్ళీ కట్టింది. కొత్తదాంట్లోనే పనిచేత్తంది."

"అంటే, నేను రాసింది తీసేశారా?"

తీసేశారో, పక్కన పెట్టారో, అసలు అది ఎక్కడుందో ఆమెకు తెలియదు. ఆయన బాధపడుతున్నారో, ఊరికే అడుగుతున్నారో కూడా తెలియలేదు.

"తెలీదండీ," అంది చివరికి. "మీరు జరిపిన మీటలు మాత్రం అలాగే ఉన్నాయి. నా ఏళ్ళు సూసి జ్యోతి రాసింది."

"ఆహా," అన్నారాయన. తరవాత, "ఔత్వం ఎక్కడ పెట్టానో కనుక్కుందా?"

"కనుక్కుందండీ."

"ఎక్కడ?"

రోజారమణి చెయ్యి కీబోర్డు మీద పెట్టి, "మౌనం" కొట్టింది. వేలు ఎక్కడ పడిందో ఈసారి చూద్దామనుకుంది. చూసేలోపే అది వెనక్కి వచ్చేసింది.

"ఒక్క నిమిషముండండి, మళ్ళీ కొట్టి సెప్తాను," అంది.